పెరటి కోర్టు కింది రేగడి

అమెరికాలో డాలస్ నగరానికి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ లాంటి శివారు ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. ఇల్లు అమరి, పిల్లలు ఎదిగే వేళకు పెరట్లో ఒక ఆటకోర్టు వేయిద్దామన్న మాట అక్కడి ఇళ్లలో వస్తుంటుంది. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు జాగా దొరికితే చాలు. షటిల్ డబుల్స్ కోర్టుకూ పికిల్‌బాల్ కోర్టుకూ గీతల కొలత ఒకటే: 44 అడుగులకు 20 అడుగులు. ఒక చివర 10 అడుగుల ఎత్తున బాస్కెట్‌బాల్ రింగు బిగిస్తే మూడు ఆటలకూ ఒకటే చోటు సరిపోతుంది. అయితే అంచనాలు మొదలయ్యాక చర్చంతా పైపై సంగతుల చుట్టూనే తిరుగుతుంది. నీలం రంగా, ఆకుపచ్చా? ప్లాస్టిక్ పలకలా, యాక్రిలిక్ పూతా? దీపపు స్తంభాలు రెండా, నాలుగా? కోర్టు అయిదేళ్లకు పాడవుతుందా, పాతికేళ్లు నిలుస్తుందా అన్నది వీటి మీద ఆధారపడి లేదు. కింద రెండు మూడు మీటర్ల లోతు వరకు ఉన్న మన్ను ఎలాంటిది, అందులోని తేమ ఏడాది పొడవునా ఎంత మారుతుంది అన్న రెండు ప్రశ్నల మీదే ఉంది. కాబట్టి డబ్బులోనూ శ్రద్ధలోనూ మొదటి వాటా ఆ మన్నుకు దక్కాలి. ఈ మాట ఎందుకంటున్నానో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన్ను మీద పెట్టిన ఖర్చు ఎవరి కంటికీ కనిపించదు, అందుకే మొదట కోత పడేది కూడా దానికే.

డాలస్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో మీదుగా సాగే నేల పట్టీని బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. అక్కడి మన్నులో పేరుమోసినది ‘హ్యూస్టన్ బ్లాక్’. టెక్సస్ తన రాష్ట్ర మృత్తికగా చెప్పుకునేది దాన్నే. తెలుగువాళ్లకు అది కొత్త మన్నేమీ కాదు. ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుకుని, తడిస్తే కాలికి బెత్తెడు మందాన అంటుకునే మన నల్లరేగడికి అది దగ్గరి చుట్టం. ప్రపంచ భూగోళ పుస్తకాల్లో దక్కను నల్లనేలలకు వాడే ‘రెగుర్’ అన్న మాట మన ‘రేగడి’ నుంచే వెళ్లింది. మృత్తికా శాస్త్రం ఈ రెండింటినీ వెర్టిసాల్ అనే ఒకే తరగతిలో చేర్చింది. తిరగబడటం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి ఆ పేరు పుట్టింది. వేసవిలో పైమన్ను నెర్రెల్లోకి రాలుతుంది, వానాకాలంలో లోపలి మన్ను ఉబ్బి పైకి తోసుకొస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ నేల తనను తానే దున్నుకుంటుంది. పత్తి పంటకు ఇది వరం. కదలకుండా ఉండాల్సిన కాంక్రీటుకు మాత్రం ఇంతకంటే కష్టమైన పీట దొరకదు.

ఈ కదలికకు మూలం స్మెక్టైట్ కుటుంబానికి చెందిన బంకమన్ను ఖనిజాలు. వాటిలో ముఖ్యమైన మాంట్‌మోరిల్లోనైట్ నిర్మాణం అరిటాకుల కట్టలా ఉంటుంది. ఒక్కో పొర మందం సుమారు ఒక నానోమీటరు. పొరల మీద స్వల్పంగా రుణావేశం ఉంటుంది గనక, వాటి మధ్యలో సోడియం, కాల్షియం లాంటి ధనావేశిత అయాన్లు చేరి కూర్చుంటాయి. నీరు తగలగానే ఆ అయాన్లు నీటి అణువులను చుట్టూ చేర్చుకుంటాయి, పొరలు ఒకదానికొకటి ఎడమవుతాయి. ఎండ కాస్తే నీరు బయటికి పోయి పొరలు మళ్లీ దగ్గరవుతాయి. ఒక్కో పొర దగ్గర జరిగేది నానోమీటర్ల కదలికే అయినా, పొరల సంఖ్యకు అంతు లేదు. ఒక గ్రాము శుద్ధమైన మాంట్‌మోరిల్లోనైట్‌లోని పొరలన్నీ విప్పి పరిస్తే వాటి వైశాల్యం 700 నుంచి 800 చదరపు మీటర్లు ఉంటుంది. టెన్నిస్ డబుల్స్ కోర్టు గీతల లోపలి వైశాల్యం 261 చదరపు మీటర్లు. అంటే చిటికెడు మన్నులో దాదాపు మూడు టెన్నిస్ కోర్టులంత తలం నీటి కోసం కాచుకుని ఉంటుంది.

“అలాంటప్పుడు స్లాబు మందం పెంచితే సరిపోదా?” అని చాలామంది అడుగుతారు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 10 సెంటీమీటర్ల మందమున్న కాంక్రీటు చదరపు మీటరుకు సుమారు 240 కిలోల బరువు తూగుతుంది. బాగా ఉబ్బే గుణమున్న రేగడి, కదలడానికి వీల్లేకుండా బంధిస్తే, చదరపు మీటరుకు 10 టన్నులు, ఒక్కోసారి అంతకు మించిన బలంతో పైకి తోస్తుంది. మందం రెట్టింపు చేసినా బరువు 480 కిలోలే. నాలుగంతస్తుల మేడ తన బరువుతో రేగడిని కొంత అణచగలదేమో గాని, ఆటకోర్టు అణచలేదు. మందం పెరిగితే స్లాబుకు బిగువు పెరిగే మాట నిజమే, పగుళ్లు కొంత తగ్గుతాయి. కానీ బిగువుగా ఉన్న పలక విరగకపోయినా మొత్తంగా ఒక పక్కకు ఒరుగుతుంది. కోర్టు విషయంలో ఒరగడం కూడా పగలడమంత నష్టమే. వాననీరు జారిపోవడానికి కోర్టుకు సాధారణంగా నూటికి ఒక వంతు వాటం పెడతారు, అంటే మీటరుకు ఒక సెంటీమీటరు. మూడు మీటర్ల దూరానికి వచ్చే తేడా మూడు సెంటీమీటర్లు. డాలస్ పరిసరాల్లో నేల పరీక్ష నివేదికలు కొన్ని అంగుళాల కదలిక రావచ్చని చెప్పడం మామూలే. ఒక్క అంగుళం కదిలితే చాలు, మేస్త్రీ పెట్టిన వాటం అక్కడ దాదాపు సున్నా అవుతుంది, నీరు నిలుస్తుంది, నిలిచిన నీరు అంచుల నుంచీ పగుళ్ల నుంచీ దిగి కింది మన్నును మరింత ఉబ్బిస్తుంది. చెడు తనను తానే పెంచుకునే క్రమం ఇది.

ఇక్కడ గమనించాల్సిన కీలకం ఒకటుంది. మన్ను తడిగా ఉండటం వల్ల స్లాబుకు ప్రమాదం లేదు, పొడిగా ఉన్నా లేదు. ఒకచోట తడిసి ఇంకోచోట ఎండితేనే ముప్పు. స్లాబు పోయగానే దాని కింద మన్నుకు మూత పెట్టినట్టవుతుంది. నడిమధ్య ఆవిరి బయటికి పోలేక తేమ క్రమంగా పేరుకుంటుంది, నేల గుమ్మటంలా లేస్తుంది. అంచుల కింద మాత్రం రుతువును బట్టి తడి, ఎండ మారుతుంటాయి. వానకు లేచి, వేసవికి కుంగుతాయి. ఈ రెండింటి మధ్య స్లాబు రోజూ కాస్త కాస్త వంగుతూ ఉంటుంది. డాలస్‌లో ఎండలు ముదిరినప్పుడు ఇళ్లవాళ్లు పునాది చుట్టూ సన్నచిల్లుల గొట్టాలు పరిచి నేలకు నీళ్లు పెడతారు. కొత్తగా చూసినవాళ్లకు వింతగా తోచే ఆ అలవాటు వెనుక ఉన్నది ఈ శాస్త్రమే: మన్నులోని తేమను ఒకే మట్టంలో ఉంచితే ఇల్లు కదలదు. ఆటకోర్టుకూ అదే వర్తిస్తుంది.

కాబట్టి మొదటి పని మన్నును పరీక్షించడం. భారత ప్రమాణాల్లో చెప్పిన స్వేచ్ఛా ఉబ్బుదల పరీక్ష ఎంత సులువైనదో, అంత తెలివైనది. సన్న జల్లెడ పట్టిన ఎండు మన్నును పది గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రల్లో వేస్తారు. ఒకదాంట్లో శుద్ధజలం, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్ అణువులు ధ్రువీయం కావు గనక మన్ను పొరల మధ్యకు చొరబడవు, అందులో మన్ను ఉబ్బదు. నీటిలో ఉబ్బుతుంది. రెండింటి తేడాయే ఆ మన్ను స్వభావం. తేడా 50 శాతం దాటిందంటే జాగ్రత్త పడాలి. నల్లరేగడిలో 100 శాతం దాటిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో ఇంజినీర్లు స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బర్గ్ 20వ శతాబ్దం తొలినాళ్లలో నిర్వచించిన తేమ హద్దులను కొలిచి ఇదే సంగతి తేలుస్తారు. పెరటి కోర్టుకు నేల పరీక్ష ఎందుకు, దండగ ఖర్చు కాదా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది: రెండు మూడు బోర్లు వేసి మన్ను తీయడానికి అయ్యేది మొత్తం ఖర్చులో చిన్న భాగం; ఒరిగిన స్లాబును పగలగొట్టి, ఆ ముక్కలు ఎత్తించి, మళ్లీ పోయించడానికి అయ్యేది మొదటి ఖర్చు కంటే ఎక్కువ.

పరీక్షలో మన్ను చెడ్డదని తేలితే దారులు లేకపోలేదు. పైపొర తవ్వి తీసేసి ఉబ్బని మన్నుతో నింపడం ఒకటి. మన మేస్త్రీలు రేగడిలో బేస్‌మెంట్ నింపేటప్పుడు మొరమో గ్రావెలో తెప్పించేది ఇందుకే. ఐఐటీ బొంబాయిలో ఆర్. కె. కట్టి చేసిన పరిశోధనలు ఈ అనుభవానికి శాస్త్రబలం ఇచ్చాయి: బంక ఉన్నా ఉబ్బని మన్నును రేగడి మీద సుమారు మీటరు మందాన దట్టంగా పరిస్తే కింది ఉబ్బుదల చాలావరకు అణగుతుంది. మొరం బదులు ఇసుకతో నింపితే చౌక కదా అనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. చుట్టూ నీరు ఇంకని రేగడి, మధ్యలో ఇసుక ఉంటే ఆ గుంత తొట్టెలా మారుతుంది. కురిసిన వానంతా అందులో చేరి కింది మన్నును నెలల తరబడి నానబెడుతుంది. రెండో దారి సున్నం కలపడం. సున్నంలోని కాల్షియం పొరల మధ్యనున్న సోడియంను తప్పించి ఆ స్థానంలో కూర్చుంటుంది, పొరలు గట్టిగా పట్టుకుంటాయి, కొన్నాళ్లకు సిమెంటు లాంటి బంధాలు కూడా ఏర్పడతాయి. అయితే డాలస్ కింద ఉన్న ఈగిల్‌ఫోర్డ్ షేల్ లాంటి రాతి నుంచి వచ్చిన మన్నులో జిప్సం ఉండే అవకాశం ఉంది. సల్ఫేటు ఎక్కువగా ఉన్న మన్నులో సున్నం కలిపితే ఎట్రింగైట్ అనే స్ఫటికం పెరిగి, మందే రోగమై నేల ఇంకా ఎక్కువ లేస్తుంది. సున్నం బస్తా విప్పే ముందు సల్ఫేటు పరీక్ష తప్పనిసరి అన్నది అందుకే.

నేలను గట్టిపరచడం గురించి కూడా ఒక అపోహ ఉంది: ఎంత బాగా రోలర్ తిప్పితే అంత మంచిదని. లాస్ ఏంజెలస్‌లో ఆనకట్టల పని చూసిన రాల్ఫ్ ప్రాక్టర్ 1933లో చూపించింది ఏమిటంటే, ప్రతి మన్నుకూ ఒక తగిన తేమ ఉంటుంది, ఆ తేమ దగ్గర దిమ్మిస కొడితేనే అది అత్యధిక సాంద్రతకు చేరుతుంది. మామూలు మన్నుకు అదే లక్ష్యం. రేగడికి మాత్రం దాన్ని కాస్త సవరించుకోవాలి. ఎండు రేగడిని బలంగా కుదిస్తే తడి కోసం ఆకలిగా ఉన్న పొరలను ఇరుకు చోట కుక్కినట్టే. తొలి వానకే అది విజృంభిస్తుంది. అందుకని రేగడిని తగిన తేమ కంటే కొంచెం ఎక్కువ తడిగా ఉంచి, మితంగా కుదించి, ఎండిపోకముందే పైన కంకర పరిచి, దాని మీద ప్లాస్టిక్ షీటు వేసి కాంక్రీటు పోస్తారు. ముందే కొంత ఉబ్బిన మన్ను తరవాత ఉబ్బేది తక్కువ.

కాంక్రీటుకు దాని సొంత కదలిక కూడా ఉంది. ఆరేటప్పుడు అది కుంచించుకుంటుంది. 18 మీటర్ల స్లాబు అడ్డూ ఆపూ లేకుండా కుంచించుకుంటే తొమ్మిది మిల్లీమీటర్లదాకా తగ్గవచ్చు. కింది నేల పట్టి ఆపుతుంది గనక లాగుడు పుడుతుంది, లాగుడు తట్టుకునే శక్తి కాంక్రీటుకు నొక్కుడు తట్టుకునే శక్తిలో పదోవంతే. పగులు ఎలాగూ తప్పదు కాబట్టి, అది ఎక్కడ రావాలో ముందే నిర్ణయించి రంపంతో గాళ్లు కోస్తారు. ఇంకో మార్గం ఫ్రెంచి ఇంజినీరు యూజీన్ ఫ్రేసినే 1928లో పేటెంటు పొందిన పూర్వప్రతిబలిత కాంక్రీటు ఆలోచన. టెక్సస్‌లో ఇళ్ల పునాదులకూ, మంచి కోర్టులకూ దాన్నే వాడతారు. ప్లాస్టిక్ తొడుగులో ఉన్న 12.7 మిల్లీమీటర్ల ఉక్కు తీగతాళ్లను స్లాబులో అడ్డంగా నిలువుగా పరిచి, కాంక్రీటు గట్టిపడ్డాక ఒక్కొక్కదాన్ని సుమారు 15 టన్నుల బలంతో లాగి బిగిస్తారు. అప్పుడు స్లాబంతా నలువైపుల నుంచీ నొక్కి పట్టినట్టుగా ఉంటుంది, లాగుడు వచ్చినా పగులు విచ్చుకోదు. గాళ్లు లేని నున్నటి తలం వస్తుంది, ఆటకు అది ఎంతో మేలు. ఇంత చేశాక మన్ను సంగతి వదిలేయవచ్చని అమ్మకందారులు చెబితే నమ్మకూడదు. తీగతాళ్లు స్లాబును ఒక్క ముక్కగా ఉంచగలవు, కానీ ఆ ముక్క సమంగా కూర్చునేది నేల సమంగా ఉన్నప్పుడే.

పైన ప్లాస్టిక్ పలకలు వేస్తే చాలన్న వాదన ఇంకా బలంగా వినిపిస్తుంది. పాలీప్రొపిలీన్ పలకలు ఒకదానికొకటి కొక్కేలతో తగులుకుంటాయి, కింద చిన్న చిన్న కాళ్ల మీద నిలబడతాయి, నీరు సందుల్లోంచి దిగిపోతుంది, కింద పగుళ్లున్నా కంటికి కనిపించవు. మోకాళ్లకు కొంత ఉపశమనం ఇస్తాయి, అది వాటి నిజమైన గుణం, కాదనను. కానీ కనిపించకపోవడం, లేకపోవడం ఒకటి కావు. స్లాబు కుంగిన చోట పలక కాళ్లకూ కాంక్రీటుకూ మధ్య ఖాళీ వస్తుంది. అక్కడ బంతి చచ్చినట్టు పడుతుంది, కాలు వేస్తే టప్పుమంటుంది. కింద నిలిచిన నీటిలో దుమ్ము చేరి బురదవుతుంది, దోమలకు తావవుతుంది. వేడి లెక్క కూడా ఉంది: ఒకే ఉష్ణోగ్రత తేడాకు ఈ ప్లాస్టిక్ కాంక్రీటు కంటే పది రెట్లో అంతకన్నా ఎక్కువో సాగుతుంది. చలికాలపు ఉదయానికీ జూలై మధ్యాహ్నానికీ 50 డిగ్రీల తేడా అనుకుంటే, 18 మీటర్ల వరుసలో అది తొమ్మిది సెంటీమీటర్లు. కొక్కేల దగ్గర ఉంచిన వదులు ఈ సాగుదలను మింగడానికే, దాన్ని నేల ఎగుడుదిగుళ్లకు కూడా ఖర్చు పెట్టిస్తే వేసవిలో పలకలు పైకి లేస్తాయి. ఆట మీద గట్టి తలం ప్రభావం ఎంతో పికిల్‌బాల్ పుట్టుకే చెబుతుంది. 1965లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, జోయల్ ప్రిచర్డ్ ఇంటి పాత షటిల్ కోర్టు మీద, చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఆడబోయినవాళ్లు షటిల్ ఎత్తునే, 60 అంగుళాల దగ్గర నెట్ కట్టారు. తారు నేల మీద బంతి చక్కగా లేస్తోందని గమనించాక దాన్ని 36 అంగుళాలకు దించారు. తలం స్వభావం అలా ఒక కొత్త ఆటకు నియమం పెట్టింది. ఆ స్వభావం కోర్టంతా ఒకేలా ఉండాలంటే కింది ఆధారం ఒకేలా ఉండాలి.

పైన పడే నీటి లెక్క ఇంటి భద్రతకు సంబంధించింది. 60 అడుగులకు 30 అడుగుల కోర్టు 167 చదరపు మీటర్లు. ఒక అంగుళం వాన కురిస్తే దాని మీద నాలుగు వేల లీటర్లకు పైగా నీరు చేరుతుంది. పచ్చిక ఉన్నప్పుడు అందులో చాలాభాగం ఇంకేది. ఇప్పుడు అంతా ఒక అంచు నుంచి దూకుతుంది. ఆ అంచు ఇంటివైపు ఉంటే పునాది కింది రేగడి తడుస్తుంది. పొరుగువారి కంచెవైపు ఉంటే తగవు వస్తుంది. కాబట్టి వాటం ఒకే దిక్కుకు, ఇంటికి దూరంగా పెట్టి, ఆ అంచున గులకరాళ్ల కాలువ తవ్వి నీటిని వీధి మురుగుకాలువకో పల్లపు తోటకో మళ్లించాలి. ఇంటి కప్పు నుంచి దిగే గొట్టాలు కోర్టు అంచున వదలకూడదు. పచ్చికకు నీళ్లు చల్లే యంత్రాలు అంచును ఒక పక్కే తడపకూడదు. చెట్లు వేర్లతో నీరు పీల్చి ఒక మూలను ఎండగడతాయి గనక, సాధారణంగా చెట్టు పూర్తిగా ఎదిగాక ఉండే ఎత్తంత దూరం పాటించమంటారు. ఆస్టిన్ నగరం మామూలు నివాస జోన్లలో నీరు ఇంకని కట్టడం స్థలంలో 45 శాతం దాటకూడదని నియమం పెట్టిందంటే అది అధికారుల పట్టుదల కాదు, ఇంటింటి నుంచీ వచ్చే ఈ వేల లీటర్ల కూడికే కారణం.

రేగడి లేని ఊళ్లవాళ్లకు ఈ గోల లేదనుకోవద్దు. మిన్నెసోటా లాంటి చలి రాష్ట్రాల్లో స్లాబులను లేపేది మంచు. నీరు గడ్డకట్టి తొమ్మిది శాతం పెరగడమే కారణమని చాలాకాలం నమ్మారు. శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ 1929 ప్రాంతంలో నీటికి బదులు బెంజీన్ వాడి ప్రయోగం చేశాడు. బెంజీన్ గడ్డకడితే తగ్గుతుందే గాని పెరగదు, అయినా మన్ను లేచింది. అంటే గడ్డ కట్టే చోటికి కింది నుంచి ద్రవం ఎక్కి వచ్చి పొరలు పొరలుగా చేరడమే అసలు కారణం. అక్కడా చివరకు తేలింది నేలలో నీటి ప్రయాణమే.

ఇంత శ్రమ ఎందుకు, మన పల్లెల్లో చదును చేసి సున్నంతో గీతలు గీసి ఆడుకోవడం లేదా అని అడిగితే, అది మన్నించాల్సిన ప్రశ్న. మట్టి కోర్టు కదిలినా నష్టం లేదు, పార పట్టి సరిచేసుకోవచ్చు. వారానికి ఒకసారి పిల్లలు షటిల్ ఆడుకునే ఇంటికి నెట్ కట్టిన పచ్చిక చాలని నా అభిప్రాయం. బంతి నేలను తాకి లేవాల్సిన ఆటలకే గట్టి తలం కావాలి. అది కావాలనుకున్నవాళ్లు దాని షరతులు కూడా ఒప్పుకోవాలి. మన్ను సంగతి కాకపోయినా చోటు ఎంచేటప్పుడే తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది, శబ్దం. పికిల్‌బాల్ దెబ్బ సుమారు వెయ్యి నుంచి రెండు వేల హెర్ట్జ్ మధ్య చురుగ్గా మోగుతుంది, మనిషి చెవి బాగా పట్టుకునే శ్రేణికి అది దగ్గర. దూరం రెట్టింపైతే శబ్దం ఆరు డెసిబెళ్లే తగ్గుతుంది. పొరుగింటి పడకగది కిటికీకి ఎదురుగా పోసిన స్లాబును తరవాత జరపలేం.

తవ్వే ముందు 811కు ఫోన్ చేసి గ్యాసు, కరెంటు తీగల గుర్తులు వేయించుకోవాలి; అమెరికా అంతటా అదే నంబరు. స్లాబు పోసి, తీగతాళ్లు బిగించి, క్యూరింగ్ పూర్తయ్యాక కోర్టు కట్టేవాళ్లు చేసే ఒక పరీక్షను ఇంటివాళ్లు దగ్గరుండి చూడాలి. ఓ మోస్తరు వెచ్చని రోజున గొట్టంతో కోర్టంతా నీరు పారించి గంటసేపు వదిలేస్తారు. ఎక్కడైనా మడుగు మిగిలితే అందులో అయిదు సెంట్ల నికెల్ నాణెం పెడతారు. నాణెం మందం దాదాపు రెండు మిల్లీమీటర్లు. నీరు దాన్ని ముంచితే ఆ చోటు సుద్దతో గుర్తు పెట్టి సరిచేయాలి. అదే పరీక్ష ఒక వానాకాలం, ఒక వేసవి గడిచాక మళ్లీ చేసి, మొదటి సుద్ద గుర్తుల ఫొటోలతో పోల్చితే కింది రేగడి ఎటు కదులుతోందో తెలుస్తుంది. పలకల పెట్టెలు అప్పటిదాకా గరాజులో ఉన్నా నష్టం లేదు. ఉత్త కాంక్రీటు మీద పిల్లలు ఆ ఏడాదీ ఆడుకోగలరు.